బాండ్ పేపర్ మీద పచ్చదనం

మా రోజుల్లో సర్పంచి ఎన్నికంటే చెరువు ఎన్నికే. రోహిణి కార్తెలో మనుషుల్ని పోగేసి కట్టుకాలువ తీయించాడా లేదా, మత్తడి దగ్గర కోత పడితే రాయి పేర్పించాడా లేదా, నీరడి ఒకరి మడికి ఎక్కువ, ఇంకొకరి మడికి తక్కువ నీళ్లు వదిలితే గద్దించాడా లేదా... ఊరు చూసేది ఇంతే. తాగుతాడా, తగువులాడతాడా, పక్క ఊళ్లో రెండో సంసారం ఉందా అన్నవి రచ్చకట్ట మీద నవ్వుకోవడానికి పనికొచ్చేవి గానీ ఓటుకు అడ్డొచ్చేవి కావు. చెరువు నిండితే గెలిచేవాడు. ఎండితే, వాన పడకపోవడం ఆయన తప్పు కాకపోయినా, ఓడేవాడు. అన్యాయమే అనుకోండి. కానీ ఆ అన్యాయానికి కూడా ఒక లెక్క ఉండేది.

మాది కరీంనగర్ వైపు గుట్టల నడుమ చిన్న ఊరు. నేను వ్యవసాయదారుణ్ని. 1988 ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాను. ఇప్పుడు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను ఆడిపోసుకునే వయసుకు వచ్చాను. మొన్న 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు అయ్యాయి కదా. పాత పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే తీరిపోతే, రెండేళ్లు కావస్తుండగా పెట్టారు. ఈ నడుమంతా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైనవాళ్లు లేరని ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. చెత్త ట్రాక్టరుకు డీజిల్ పోయించే దిక్కులేక పంచాయతీ కార్యదర్శులు తమ జేబులోంచి పోయించుకున్న ఊళ్లున్నాయి. అందుకని ఈసారి నిలబడ్డవాళ్లంతా చెత్త గురించి, నీళ్ల గురించి, చెట్ల గురించి గట్టిగానే మాట్లాడారు. మాట్లాడడం ఒక్కటే కాదు, రాసిచ్చారు. వంద రూపాయల బాండ్ పేపర్ మీద, నోటరీ ముద్రతో.

ఆ కాగితం ఒకటి నా దగ్గరుంది. ఉంగరం గుర్తు మీద నిలబడ్డ పిల్లవాడు ఇచ్చిపోయాడు. నా తమ్ముడి వరస అయ్యేవాడి మనవడు, పట్నంలో ఏదో కంపెనీలో కొన్నాళ్లు చేసి వచ్చినవాడు. కళ్లద్దాలు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. "కోతుల బెడద లేకుండా చేస్తాను" అన్నది అన్నిటికంటే పైన. ఆ కింద ఇంటింటికీ తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి రెండు బుట్టలు. ఇంటికి ఐదు పండ్ల మొక్కలు. కొత్తగా ఇంకో ఆర్వో ప్లాంటు. ఓపెన్ జిమ్. చెరువు కట్ట మీద నడవడానికి టైల్స్ బాట, సిమెంటు బెంచీలు, రంగు లైట్లు. దానికి మినీ ట్యాంక్‌బండ్ అని పేరు. అది హామీ పత్రంలా లేదు, పెళ్లి సామాన్ల చిట్టీలా ఉంది. ప్రతి వరుసలోనూ ఏదో ఒకటి కొనుక్కు రావడమే. ఫలానా పని ఊళ్లో జరగనివ్వను అన్న వరుస ఒక్కటి లేదు.

"చెరువు శిఖం హద్దురాళ్లు ఎక్కడున్నయిరా?" అని అడిగాను. శిఖమంటే చెరువు నీళ్లు నిలిచే నేల.

"అది ఇరిగేషనోళ్లది, రెవెన్యూవోళ్లది తాతా. మన చేతుల ఉండదు."

"మరి మొరం టిప్పర్లు?"

"అది మైనింగోళ్లది."

"గడ్డి కాలవెట్టుడు?"

వాడు పక్కనున్నవాళ్ల మొహాలు చూశాడు. కాలబెట్టేవాళ్లు ఇద్దరు వాడి వెనకాలే కండువాలు కప్పుకుని నిలబడి ఉన్నారు. "అన్నీ చూద్దాం తాతా, మొదలు నువ్వైతే ఉంగరానికి గుద్దు" అని దండం పెట్టి పక్కింటికి పోయాడు. మిగతావాళ్లు మాత్రం మెరుగా అంటే అదీ లేదు. కత్తెర గుర్తాయన కాగితం కూడా ఇదే, దాంట్లో ఆర్వో ప్లాంటు బదులు సీసీ కెమెరాలున్నాయి. ఫుట్‌బాల్ గుర్తామె కాగితం ఆమె చేతిలో కాదు, ఆమె భర్త చేతిలో ఉంది.

మా రోజుల్లో బాండ్ పేపర్ లేదు. గేరుమన్నుతో గోడ మీద గుర్తు గీసి పేరు రాసేవారు, వానాకాలం వస్తే అదే కొట్టుకుపోయేది. హామీ అంటే నోటిమాటే. అయితే ఆ సర్పంచికి "కాదు" అనే అధికారం ఉండేది. చట్టం ఎంత ఇచ్చిందో నాకు తెలియదు గానీ ఊరు మాత్రం ఇచ్చింది. ఒకడి బర్రె ఇంకొకడి పొలంలో పడితే తోలుకొచ్చి బందెలదొడ్లో కట్టేసేవాళ్లు. దండుగు కడితేనే వదిలేది. బర్రె సర్పంచి బామ్మర్దిదైనా సరే. చింతచెట్ల కాయ ఏటా వేలం వేసేవారు, ఆ డబ్బు పంచాయతీ ఖాతాలో పడేది. కాబట్టి చింతకొమ్మ మీద గొడ్డలి పడితే అది పంచాయతీ పైసల మీద పడ్డట్టే. చెట్టును ప్రేమించమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెట్టు పోతే వేలం పాట తగ్గుతుందని అందరికీ తెలుసు, అంతే.

ఇక చెరువు సంగతి. చెప్పకుండా ఉండలేను. కాకతీయులు ఈ నేల మీద గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై ఊరి చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువుకు రావాలి. కాబట్టి ఒక ఊళ్లో కాలువ పూడితే రెండో ఊరు ఊరుకునేది కాదు, కర్రలు పట్టుకుని వచ్చేది. ఎండాకాలం చెరువు ఎండితే శిఖంలో ఎవరైనా దోసకాయ, కర్బూజ వేసుకోవచ్చు, నీళ్లొచ్చేలోపు తీసుకుపోవాలి. అక్కడ గుడిసె వేసినవాణ్ని మాత్రం నేను చూడలేదు. పటేల్ పట్వారీల దౌర్జన్యం ఎంతైనా ఉండనీ, శిఖం నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నీరడికి నోటికొచ్చేది. పటేల్ పట్వారీలు 1980ల్లో పోయారు. నీరళ్లు ముందు గ్రామ సేవకులయ్యారు, తర్వాత వీఆర్ఏలయ్యారు, 2023లో ఆ వ్యవస్థనే తీసేసి వాళ్లను తలో శాఖలో సర్దారు. మా నీరడి కొడుకు ఇప్పుడు దూరాన ఏదో ఆఫీసులో ఫైళ్లు మోస్తున్నాడు. తూము ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో తండ్రి దగ్గర నేర్చుకున్నవాడికి ఫైళ్ల పని. ఇక్కడ తూము దగ్గర ఇప్పుడు ఎవరు బలవంతుడైతే వాడిదే పెత్తనం.

2015లో మిషన్ కాకతీయ అని పెట్టారు. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులున్నాయని లెక్క తీసి పూడిక తీయించారు. ఆ పని మంచిదే, కాదనను. ఒండ్రుమట్టి రైతులు తమ ట్రాక్టర్లతోనే తీసుకుపోయి చేలల్లో పోసుకున్నారు. నేనూ పోయించాను, రెండేళ్లు యూరియా బస్తాలు తగ్గాయి. కానీ చెరువులోంచి మట్టి తీయొచ్చన్న మాట ఒకసారి ఊరికి తెలిశాక ఆగలేదు. తర్వాత తర్వాత పగలు కాకుండా రాత్రుళ్లు తీయడం మొదలైంది. ఒండ్రుమట్టి పోయి అడుగు మొరం దాకా వచ్చారు. ఇటుకబట్టీలకు కొంత, వెంచర్లకు కొంత. ఇప్పుడు చెరువులో గుంతలు మనిషి లోతున నిలబడ్డాయి, బర్రె దిగితే ఎక్కలేదు. అటు శిఖం అంచున ఒకాయన పొలం గట్టు ఏటా ఒక సాలు లోపలికి జరుగుతోంది. హైదరాబాద్‌లో చెరువుల కోసం 2024లో హైడ్రా అనే సంస్థ వచ్చింది, బుల్డోజర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి. మా చెరువుకు ఏ డ్రా లేదు. రంగు లైట్లు వస్తాయట. నీళ్లు నిలవని చెరువు కట్ట మీద సాయంత్రం పూట బెంచీ మీద కూర్చుని ఏం చూడాలో ఆ పిల్లవాణ్ని అడగడం మరిచిపోయాను.

కోతుల హామీ దగ్గరికి వద్దాం. ఈసారి చాలా ఊళ్లలో ఎన్నిక దాని మీదే నడిచింది. ఎవరైనా నవ్వితే వాళ్లు ఊళ్లో ఉండనివాళ్లే. మా ఇంటి గూనపెంకులు కోతులు ఒక్కొక్కటీ లేపి కిందికి విసిరేస్తాయి, వాటికి అదో ఆట. వాన పడితే ఇల్లంతా గిన్నెలు పెట్టుకోవాలి. సొర పందిరి లేదు, చిక్కుడు పందిరి లేదు. పల్లి వేయడం మానేశాం, మక్కకు రాత్రీ పగలూ కాపలా. మా కోడలు వాకిలి చుట్టూ ఇనుప జాలీ బిగించింది, లోపల మేం, బయట అవి. ఒక అభ్యర్థి పట్టేవాళ్లను తెప్పిస్తానన్నాడు, తలకింత అని మాట్లాడుకుని. ఇంకొక ఊళ్లో ఎలుగుబంటి వేషం వేసి తరుముతున్నారట. రెండు రోజులు భయపడతాయి, మూడో రోజు ఎలుగుబంటి భుజానికి తగిలించుకున్న సంచీ గుంజుకుపోతాయి. పట్టినవాటిని ఎక్కడ వదులుతారు? రాత్రిపూట వ్యానులో తీసుకుపోయి ఇంకో ఊరి పొలిమేరలో. ఆ ఊరివాళ్లు పట్టి తెచ్చి మన పొలిమేరలో. నిర్మల్ జిల్లా గండిరామన్న దగ్గర 2020లో కోతుల సంరక్షణ కేంద్రం పెట్టారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి అడవిలో వదలడానికి. పద్ధతి అదే. కానీ రాష్ట్రంలో కోతులన్నీ అక్కడికి వరుసకట్టి పోవు కదా.

మా రోజుల్లో కోతులు లేవా? ఉన్నాయి, గుట్ట మీద. గుట్ట మీద సీతాఫలం, రేగు, తునికి, మేడి, జువ్వి, మర్రి ఉండేవి. వాటికి ఊరికి రావలసిన పనే లేదు. ఊరి మొగదలలో ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒకటో రెండో కనిపిస్తే పిల్లలు గుడాలు పెట్టేవాళ్లు. ఆ గుట్టనే గ్రానైటు కోసం కోశారు. మా కరీంనగర్ రాయికి టాన్ బ్రౌన్ అని పేరు, కాకినాడ రేవు మీదుగా చైనా దాకా పోయింది. రాయి పోయింది, రాయి మీది చెట్టు పోయింది, చెట్టు మీది పండు పోయింది. బాట వెడల్పు చేస్తామని రోడ్డు వెంట మర్రిచెట్లు కొట్టారు. ఇక కోతి ఎక్కడికి పోవాలి? నా పెంకుల మీదికి వచ్చింది. గుట్టకు లీజు ఇచ్చేది సర్కారే, ఒప్పుకుంటాను. కానీ ఆ లారీ నడవాల్సింది ఊరి బాట మీద. మా రోజుల సర్పంచి ఐతే ఆ బాటకు అడ్డంగా మంచం వేసుకుని పడుకునేవాడు. ఇప్పటివాళ్లు ఆ లారీ యజమాని దగ్గర గుడి సున్నానికి చందా తీసుకుని, కోతులను పట్టిస్తానని బాండ్ రాస్తున్నారు.

చెట్ల లెక్క వేరే. 2015లో హరితహారం మొదలైంది, అడవిని 24 శాతం నుంచి 33 శాతానికి తెస్తామన్నారు. 2018 పంచాయతీ చట్టంలో ఊరూరా నర్సరీ పెట్టాలన్నారు, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నారు, లేకపోతే సర్పంచి మీదా కార్యదర్శి మీదా చర్య అన్నారు. కట్టుదిట్టమైన మాటే. ఫలితం ఏమైందంటే, బతికే చెట్టు కోసం వెతికారు. నీడ ఇచ్చేదీ కాయ కాచేదీ కాదు, లెక్కకు బతికేది. కోనోకార్పస్ దొరికింది. మేక తినదంటారు, తెగులు రాదంటారు, చకచకా పెరుగుతుంది. పిట్ట గూడు పెట్టదని, పూత వస్తే దగ్గు వస్తుందని జనం గొడవ. గుజరాత్‌లో 2023లో దాన్ని నాటొద్దని ఆపేశారు. మా ఊళ్లో బడి ముందు బారుగా ఉన్నాయి. వాటి పక్కనే పల్లె ప్రకృతి వనం, దాని గేటుకు తాళం. తాళం ఎందుకయ్యా అంటే లోపల తాగుబోతులు చేరుతున్నారట. మనుషులు రాకుండా ఉంటేనే బతికే వనం ఊరికి ఏం వనం? వేప, కానుగ, చింత నాటమంటే, అవి పదేళ్లకు గానీ నీడ ఇవ్వవు తాతా అంటారు. సర్పంచి గడువు ఐదేళ్లు.

తంగేడు, గునుగు సంగతి ఆడవాళ్లను అడగండి. బతుకమ్మ పండుగకు మా చెల్లెళ్లు పొద్దున్నే గట్ల వెంట పోయి గంపలు నింపుకొచ్చేవాళ్లు. గడ్డిమందు వచ్చాక గట్లు నున్నగా అయ్యాయి. పోయినసారి మా మనవరాలు కరీంనగర్ అంగడిలో గునుగు కట్టలు పైసలు పెట్టి కొనుక్కొచ్చింది. గునుగు కొనడం! మా అమ్మ ఉంటే నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చునేది. వరికోత మిషన్లు వచ్చాక పొలంలో మిగిలిన గడ్డికి అగ్గి పెట్టడం ఒకటి మొదలైంది. గట్టు మీది తాటిచెట్లు, ఈతచెట్లు మొదళ్లు మాడి పోతున్నాయి. గౌడన్నల బతుకు అది. మూడు గుర్తుల్లో ఏ ఒక్కరూ అగ్గి పెట్టొద్దని అనలేదు. అగ్గి పెట్టేవాడికీ ఓటుంది, చెట్టుకు లేదు.

అలాగని మా కాలమంతా బంగారమని నేను అబద్ధం చెప్పను. మెట్ల బావిలో దిగి నీళ్లు తాగినవాళ్లకు నారికురుపు లేచేది. కాలు పగిలి తెల్లటి నూలుపోగులా పురుగు బయటికి వచ్చేది, దాన్ని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగేవాళ్లు. తెగితే కాలు వాచిపోయేది. మా మేనమామ అలాగే కుంటివాడయ్యాడు. ఆ రోగం దేశంలో లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాకా ఎంతమంది నీళ్లు వడగట్టుకు తాగారో, ఎన్ని మెట్ల బావులు మూసి బోరింగులు వేశారో. ఊరి బావి దగ్గరికి మాలమాదిగలను రానిచ్చేవాళ్లు కాదు. వాళ్ల చేద వేరు, వాళ్ల బావి వేరు, ఎండాకాలం వాళ్ల దాహం వేరు. చెరువు కాలువ తీయడంలో మాత్రం ముందు వాళ్ల చేతులే ఉండేవి. ఆడవాళ్లు తెల్లారకముందే చీకట్లో చెంబు పట్టుకుపోయేవాళ్లు. ఇవన్నీ మంచి రోజులని ఎవడైనా అంటే వాణ్ని ఆ బావి దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాలి.

ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పుణ్యాన నీళ్లు వాకిట్లోకి వచ్చాయి. వచ్చినా ఊరు తాగదు. ఆర్వో ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకుని తాగుతుంది. నల్లా నీళ్లు గిన్నెలు తోమడానికి. ఆర్వోలో వడగట్టినంత కంటే పారబోసేదే ఎక్కువ, అది మోరీలోకి పోయి బడి వెనకాల మడుగు కడుతుంది, దాంట్లో దోమలు. ఉన్న ఒక్క ప్లాంటుకే ఇంత వైభవం ఉంటే రెండోది కడతానని హామీ. ట్యాంకు నెలకు ఎన్నిసార్లు కడుగుతున్నారు, క్లోరిన్ ఎవరు కలుపుతున్నారు, ఎవరు పరీక్ష చేస్తున్నారు అని అడిగి బోర్డు మీద రాయిస్తే ప్లాంటు అక్కర్లేదు. కానీ ట్యాంకు కడిగితే కొబ్బరికాయ కొట్టడానికీ రిబ్బను కత్తిరించడానికీ వీలుండదు.

ఎన్నికలయ్యాక ఊరు చూశారా మీరు? ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచి అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటొద్దని నియమం. ఆ లెక్క కాగితం మీద ఎవరు ఎలా రాశారో నాకు అనవసరం. నా కళ్ల ముందు మిగిలింది చెబుతాను. బడి వెనక, కల్లు మండువా వెనక, చెరువు కట్ట కింద ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల పాకెట్లు, కోడి ఈకలు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసుల్లాంటి వస్తువుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. మా రోజుల్లో ఓటు విందు లేదని కాదు, ఉంది, దానికి మోదుగాకు విస్తళ్లు, మట్టి మూకుళ్లు. పొద్దున్నకల్లా ఆకులు మేకలు నమిలేవి. ఇప్పుడు "హరిత గ్రామమే నా లక్ష్యం" అని రాసిన ఫ్లెక్సీలు ముప్పై దాకా మిగిలాయి. మా వాళ్లు ఒకటి తెచ్చి మేకల కొట్టం మీద కప్పారు. ఓడిపోయిన అభ్యర్థి చేతులు జోడించి మా మేకలకు నమస్కారం పెడుతున్నాడు. గెలిచినాయన ఫ్లెక్సీ గడ్డివాము మీద ఉంది.

చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా హివ్రే బజార్ ఊరికి 1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచి అయ్యాడు. కరువు ఊరు, జనం వలసపోయిన ఊరు. ఆయన పెట్టించిన కట్టడులు చాలావరకు "వద్దు" అనేవే. సేద్యానికి బోరు వేయొద్దు. చెరకు వేయొద్దు, అరటి వేయొద్దు. చెట్టు కొట్టొద్దు. గుట్ట మీద పశువులను వదలొద్దు. ఏటా వానలు పోయాక ఊళ్లో ఎన్ని నీళ్లున్నాయో లెక్క కట్టి, ఆ లెక్కను బట్టి ఏ పంట వేయాలో గ్రామసభలో తేల్చుకుంటారు. ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది 2020లో. మన దగ్గర ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలో ముఖరా కె అని చిన్న ఊరు, చెత్తతో వానపాముల ఎరువు చేసి అమ్మి, ఆ డబ్బుతో ఊరికి సోలార్ కరెంటు పెట్టుకున్నారు. మన అభ్యర్థులు చెత్తబుట్ట దాకా వచ్చి ఆగిపోతారు. బుట్టలోది ఎక్కడికి పోతుందో చెప్పరు. నేను చెబుతాను: ట్రాక్టరులో రెండూ కలిపేసి డంపింగ్ యార్డుకు తీసుకుపోయి అగ్గి పెడతారు. తడి, పొడి, పొగ.

"అది మన చేతుల లేదు" అన్న మాట నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. రాజ్యాంగానికి 73వ సవరణ చేసి 11వ షెడ్యూలులో పంచాయతీలకు 29 విషయాలు రాశారు. చిన్న నీటి వనరులు ఉన్నాయి, సామాజిక అడవులు ఉన్నాయి, పశుగ్రాసం ఉంది, తాగునీరు ఉంది, పారిశుధ్యం ఉంది. 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టాలన్నా బోరు వేయాలన్నా ఇసుక తీయాలన్నా అనుమతి కావాలి. పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలని కట్టడి పెట్టారు. చేతుల్లో కాగితాలు మా కాలంకన్నా ఎక్కువే ఉన్నాయి. మా సర్పంచికి వీటిలో ఒక్కటీ లేదు. ఆయనకు ఉన్నదల్లా ఊళ్లో నలుగురితో చెడటానికి సిద్ధపడే గుణం.

నా గొణుగుడు వినీ వినీ మా మనవరాలు ఒకరోజు అడిగింది. డిగ్రీ చదువుతోంది, ఈసారి మొదటి ఓటు వేసింది.

"తాతా, మీ కాలంల ఆడోళ్లు సర్పంచులయ్యిండ్రా?"

"పేరుకు కూడా కాలే."

"ఊరవతల గేరి వాళ్లు అయ్యిండ్రా?"

"లేదు."

"మరి అట్ల గట్టిగ వద్దనేటోడు ఎవలి మీద గట్టిగ ఉన్నడు? తక్కువోళ్ల మీదనే గద. పెద్దరైతు శిఖంల గట్టు పెడితే అన్నడా?"

దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. కొందరిని అన్నాడు, కొందరిని అనలేదు. ఇవాళ సగం సీట్లు ఆడవాళ్లవి, బీసీలకూ ఎస్సీలకూ రిజర్వేషన్లున్నాయి. మా రోజుల్లో బావి దగ్గర నిలబడనివ్వని ఇంటి మనిషి ఇప్పుడు చెక్కు మీద సంతకం పెడుతుంది. పెట్టాలి కూడా. నా పేచీ ఎవరు కూర్చున్నారని కాదు. కూర్చున్నవాళ్లు ఎవరైనా సరే, ఊళ్లో బలమైనవాడి టిప్పరును ఆపడం గురించి కాగితం మీద ఒక్క వరుస రాయలేదని. ఆ వరుస రాసే అభ్యర్థి ఉంటే సర్పంచి ఓటు గులాబీ బ్యాలెట్ మీద నేను పరుగున పోయి ముద్ర వేసేవాణ్ని, ఆ అభ్యర్థి ఏ ఇంటి బిడ్డ అయినా.

ఈసారి మా ఊళ్లో ఉంగరం గెలిచింది. పిల్లవాడు చెడ్డవాడు కాదు. వచ్చీ రాగానే మోరీలు తీయించాడు, వీధి లైట్లు వెలిగించాడు. కోతులు ఉన్నాయి.

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు గెలిచే ఉంటారు, వాళ్ల బాండ్ పేపరూ మీ ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. పారేయకండి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. సంతకాలు ఇంటికి తెచ్చి పెట్టించుకుని సభ అయిందనిపించే అలవాటు చాలాచోట్ల ఉంది, ఇంటికొస్తే సంతకం పెట్టకండి. పంచాయతీ ఆఫీసుకు పోయి పెట్టండి. పోయి శిఖం సర్వే ఎప్పుడు చేయిస్తారు, మొరానికి అనుమతి కాగితం ఎవరి పేరు మీదుంది, నీళ్ల ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు అని అడగండి. ఏం జవాబిస్తే అది మీ ముందే మినిట్స్ బుక్కులో రాయించండి, రాశాక ఒకసారి చదివి వినిపించమనండి.